ముసురుపిట్ట ఉన్న చోటు

నవ్వాడు, అందులో సందేహం లేదు. ఎందుకు నవ్వినట్టు? ఏడో పిట్ట గొంతు కూడా ఆగిపోయిందని చెప్పినప్పుడు ఎవరైనా నవ్వుతారా? నవ్వు కాదేమో, ఎండకి మొహం చిట్లించాడేమో. కానీ ఆ రోజు ఎండ ఎక్కడిది, తెల్లవారినప్పటి నుంచీ ముసురే కదా. ముసురులో ఎవరూ మొహం చిట్లించరు. అయితే నవ్వే. పెదవి ఎడమవైపు కొంచెం లేచింది, లేచి వెంటనే దిగింది. దిగడంలోనే ఉంది అసలు సంగతి. తప్పు చేయనివాడు నవ్వుని అంత తొందరగా ఎందుకు దించుకుంటాడు?

మూడు రోజులుగా మందాకిని ఆ పెదవిని లేపుతోంది, దించుతోంది. ఎదురుగా కంప్యూటరు పలక మీద లోప నివేదిక తెరిచి ఉంది. అందులో నింపాల్సిన ఖాళీలు రెండే. మొదటిది, పిట్టలున్న చోటు ఎవరివల్ల బయటపడింది. రెండోది, ఇకమీదట పటంలో చుక్క ఎక్కడ పెట్టాలి. మొదటి ఖాళీలో 'పల్లాల సోమి' అని కొట్టి ఆపేసింది. మిగతా రెండక్షరాలూ కొట్టడానికి వేలు రావడం లేదు. రాకపోవడం జాలివల్ల కాదని ఆమెకి తెలుసు. తనది జాలి గుండె అని ఆమె ఎప్పుడూ భ్రమపడలేదు. ఇంకొక్క ఋజువు దొరికితే బాగుండునని, అంతే.

రేంజరుగారు ఫోనులో మర్యాదగానే మాట్లాడారు. పిట్టల దొంగలు ఎవరన్నది తర్వాత తేలుతుంది, చోటు చెప్పినవాడెవడో ముందు తేలాలి అన్నారు. మీ నివేదికలో ఎవరి పేరుంటే వాళ్లని ఇక కొండ ఎక్కనివ్వను, గురువారంలోగా పంపండి అన్నారు. గాదెకొండ కింద జీలుగుపాడులో పుట్టిన కొండరెడ్డి తెగ మనిషికి ఆ మాట ఏమిటో ఆయనకీ తెలుసు, ఆమెకీ తెలుసు. పోడు చేను కొండ మీద, చింతపండు కొండ మీద, తేనె, కొండచీపుర్లు, జీలుగు చెట్టు కల్లు, పెద్దల సమాధులు, అన్నీ కొండ మీదే. సోమిరెడ్డిని కొండ ఎక్కొద్దనడం అంటే, అరవై ఏళ్ల మనిషిని నీ ఇంటి వాకిట్లో నిలబడి లోపలికి చూస్తూ ఉండమనడం.

కానీ చోటు తెలిసినవాళ్లు ముగ్గురే. తను, విశాఖపట్నంలో కూర్చుని కంప్యూటర్ల పని చూసే ఫణీంద్ర, ఆరేళ్లుగా తనతో కొండెక్కి పనిచేసే సోమిరెడ్డి. ఫణీంద్ర ఈ కొండని బొమ్మలో తప్ప చూడలేదు. తను కాదు. మిగిలిందెవరు?

బల్ల మీద పాత బిస్కెట్ల డబ్బా ఉంది. మందాకిని దాన్ని వంచి రెండు చెవిగింజలు అరచేతిలో పోసుకుంది. చింతగింజంత ఉంటాయి, రంగు కూడా అదే. ఆరేళ్ల క్రితం వీటిని బుట్టలకొద్దీ కొండ మీద చల్లారు. సోమిరెడ్డి సామలు చల్లినట్టు మణికట్టు తిప్పి చల్లేవాడు. తను విసిరేది. "అదేటండి, కుక్కని కొట్టినట్టు ఇసురుతున్నారు," అని అతను నవ్వాడు. అది మంచి నవ్వు. ఆ నవ్వు పెదవి దగ్గర ఆగలేదు.

గింజలు మట్టిలో దిగాయి. నేల చెమ్మ నుంచీ వేళ్ల కదలిక నుంచీ సత్తువ తీసుకున్నాయి. వారం తిరిగేసరికి కొండ వినిపించడం మొదలైంది. ఒక గింజ విన్నది పక్క గింజకి, అది ఆ పక్కదానికి, చివరికి ఈ గది గోడ మీది పెట్టెలోకి. ఇది పికిలి, ఇది గుడ్లగూబ అని చెప్పడం పెద్ద విశేషం కాదు, అంతకుముందూ యంత్రాలు ఆ పని చేసేవి. ఇవి ఏ పికిలి అన్నది కూడా చెప్పగలవు. గోడ అవతల దగ్గు వినబడగానే అది పక్కింటి చిన్నకోడలిదని తెలిసిపోయినట్టు, ప్రతి జీవినీ విడివిడిగా గుర్తుపట్టి, అది ఇప్పుడు ఎక్కడుందో చుక్క పెట్టేవి.

ఆ చుక్కలన్నీ అందరి పటంలో పడేవి. ఆ పటానికి తాళం లేదు. ఎవరైనా, ఎక్కడినుంచైనా చూడవచ్చు, దించుకోవచ్చు, దానితో కొత్త సంగతి కనిపెట్టవచ్చు. తెలిసినదాన్ని దాచుకోవడం దొంగసొత్తు దాచుకోవడంతో సమానమని మందాకిని ఎన్నో సభల్లో చెప్పింది, నమ్మే చెప్పింది. నమ్మకానికి కారణం కూడా ఉంది. రెండేళ్ల క్రితం కొండకి తూర్పువైపున కోతులగుట్టని నల్లరాయి క్వారీకి ఇవ్వబోతే, సముద్రాల అవతల ఒక కాలేజీ పిల్ల పటం చూసి, ఆ చుట్టుపక్కల ఎన్ని రకాల నత్తలున్నాయో లెక్కతీసి పెట్టింది. క్వారీ ఆగింది. ఆ పిల్ల పేరు కూడా మందాకినికి సరిగ్గా పలకడం రాదు.

ముసురుపిట్ట బయటపడింది ఆ తర్వాతే. బూడిద రంగు, పిడికిట్లో ఇమిడిపోయే పిట్ట. ముసురు పట్టినప్పుడే కూస్తుంది, అందుకే జీలుగుపాడులో పెద్దలెప్పుడో దానికా పేరు పెట్టారు. పుస్తకాల్లో అది అంతరించిపోయిందని రాశారు. గింజలు పదకొండింటిని విన్నాయి. అన్నీ ఒకే లోయలో, చీలిన బండ పక్కన.

అరుదైన జీవుల చుక్కని ఉన్నచోట పెట్టకూడదన్నది అందరి పటంలో ఉన్న ఒకే ఒక దాపరికం. ప్రతి ఉదయం యంత్రం ఆ చుక్కని తనకి తోచిన దిక్కుకి, రెండు కోసుల లోపు ఎంతో కొంత దూరం జరిపి పెట్టేది. ఇవాళ ఉత్తరాన, రేపు నైరుతిన. చూసేవాడు వెతుక్కుని వెతుక్కుని అలిసిపోవాలని.

అలిసిపోలేదు. లోయలో కొమ్మలకి పనస జిగురు పూసిన పుల్లలు కనబడ్డాయి. ఒక పిట్ట గొంతు ఆగింది. తర్వాత ఇంకొకటి. పాడే పిట్టలని పంజరాల్లో కొనుక్కునేవాళ్లు ఏ ఊళ్లోనో ఉంటారు. వాళ్ల కోసం పట్టేవాళ్లు ఇంకెక్కడో ఉంటారు. నేరుగా చీలిన బండ దగ్గరికే వచ్చారంటే, ఎవరో వేలు పెట్టి చూపించారన్నమాట.

అనుమానానికి ఆకలి ఎక్కువ. ఒక మెతుకు వేస్తే ఊరుకోదు, విస్తరి అడుగుతుంది.

మందాకిని గోడ మీది పెట్టెలో అడుగున మూసి ఉన్న అరని తెరిచింది నిన్న. గింజలకి మనుషుల అలికిడి కూడా వినబడుతుంది. దాన్ని పటంలో పెట్టరు. ఎవరైనా కొండలో తప్పిపోతే వెతకడానికని నలభై రోజులు దాచి, తుడిచేస్తారు. తెరవాలంటే కారణం రాయాలి. 'పరికరాల తనిఖీ' అని రాసింది. అంత తేలిగ్గా రాయగలిగినందుకు కొంచెం ఆశ్చర్యపడింది కూడా.

సోమిరెడ్డి అడుగు గింజలకి బాగా తెలుసు. ఎప్పుడో ఎలుగుబంటి పట్టిన కాలు, కుడిపాదం నేలని కొద్దిగా రాసుకుంటూ పడుతుంది. ఆ అడుగు నలభై రోజుల్లో తొమ్మిదిసార్లు లోయలోకి దిగింది. ఒంటరిగా, ఆమెకి చెప్పకుండా. అందులో ఐదుసార్లు సరిగ్గా ఒక పిట్ట గొంతు ఆగిన మర్నాడే.

కూర్చున్నచోటే వీపు నిటారుగా అయింది. ఇక పాత సంగతులన్నీ వాటంతట అవే వచ్చి వరసలో నిలబడ్డాయి. మొన్న అతని భార్య రాజమ్మ వెదురుకొమ్ములు పంపింది. ఎప్పుడూ పంపేదే, కానీ ఇప్పుడే ఎందుకు? నాలుగు వారాలుగా అతను ఆమె కళ్లలోకి చూసి మాట్లాడటం లేదు. అన్నిటికంటే, తేనెచెట్ల సంగతి. పని మొదలైన మొదటి ఏడాది అతనే చెప్పాడు. ప్రతి ఇంటికీ తేనెపట్లు పట్టే చెట్టొకటి ఉంటుందట, అదెక్కడని ఊరి బయటివాళ్లు అడిగితే తప్పుడు చోటు చెప్పడం వాళ్ల ఆచారమట. అంతా విని తను నవ్వుకుని, సరదా సంగతి అని పుస్తకంలో రాసుకుంది. ఇప్పుడది సరదాగా లేదు. అబద్ధం చెప్పడం చిన్నప్పుడే ఇంట్లో నేర్పుతారన్నమాట. ఆ ఆలోచన రాగానే సిగ్గనిపించింది. సిగ్గు పడుతూనే దాన్ని కూడా ఋజువుల వరసలో నిలబెట్టింది.

ఆదివారం పొద్దున్న కొండెక్కుదామని కబురు పెట్టింది. సోమిరెడ్డి వచ్చాడు. గొడుగు వద్దని, తాటాకు గిడుగు నెత్తిన పెట్టుకుని ముందు నడిచాడు. దారిలో ఆమె గింజల గురించీ, కొత్తగా వేయాల్సిన చోట్ల గురించీ మాట్లాడింది. అతను ఊఁ కొట్టాడు. లోయ వైపు దారి చీలేచోట అతను ఆగకుండా రెండో దారి పట్టాడు. అప్పుడు అడిగింది, చెప్పు లోపల దూరిన రాయిని తీసుకుంటున్నట్టు వంగి, అతని మొహం చూడకుండా.

"ఈమధ్య లోయలోకి వెళ్లారా సోమిరెడ్డిగారూ?"

"లేదండి. నాకేం పనక్కడ."

అంతే. ఒక్క క్షణం ఆగకుండా చెప్పాడు. ఆమె లోపల ఏదో చల్లగా, హాయిగా దిగింది. దొరికాడు. ఆ హాయి ఆమెకి కొత్త కాదు. ఎనిమిది నెలల క్రితం రఘురాం చెప్పిన ఊరొకటి, అతని చొక్కా జేబులోని బస్సు టికెట్టు మీద ఊరొకటి అయినప్పుడు కూడా ముందు వచ్చింది ఏడుపు కాదు, ఇదే చల్లదనం. నాకు ముందే తెలుసు అన్న చల్లదనం. మొగుడు పోతున్నాడన్న బాధ తర్వాత రోజు ఎప్పుడో, బట్టలు మడతపెడుతుంటే వచ్చింది. అప్పటికి అతను విశాఖపట్నంలో వేరే ఇల్లు తీసుకున్నాడు.

నిజం కావాలని వెతుకుతున్నానా, నేను మోసపోలేదని తేలితే చాలని వెతుకుతున్నానా? కొండ దిగుతూ ఆ ప్రశ్న వేసుకుంది. జవాబు కోసం ఆగలేదు. ఇంటికెళ్లి అన్నం తిని, మిగతా రెండక్షరాలూ కొట్టేయాలనుకుంది.

ఇంట్లో చిన్మయి అప్పటికే కంచాలు పెట్టింది. పన్నెండేళ్ల పిల్ల. తండ్రి పోలిక, మాట పొదుపు. వెదురుకొమ్ముల కూర వండింది కూడా తనే, రాజమ్మ చెప్పిన పద్ధతిలో, రెండుసార్లు ఉడికించి నీళ్లు పారబోసి. మందాకిని మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేముందు ఒక్క క్షణం కూర వంక చూసింది. తనకే నవ్వొచ్చింది. విషం పెడతారా ఏమిటి?

"నాన్న ఈ వారమూ రారా?" అంది చిన్మయి.

"ఆఫీసులో తనిఖీలట. సెలవు దొరకలేదు."

తనిఖీ అన్న మాట తన నోట్లోంచి మళ్లీ ఎందుకొచ్చిందో అని మందాకిని అనుకుంటూ ఉండగా, చిన్మయి కూర కలుపుకుంటూ, పాఠం అప్పజెప్పినట్టు మొదలుపెట్టింది. పోయిన వారం జ్వరమన్నావు. దాని ముందు వారం రైల్లో చోటు దొరకలేదన్నావు. అంతకుముందు పెదనాన్నగారింట్లో పని. అంతకుముందు బండి చెడిపోయింది.

"ఇవన్నీ రాసిపెట్టుకున్నావా?" గొంతు తేలిక చేసుకుని అడిగింది మందాకిని.

"రాసుకోనక్కర్లేదు. వారానికోటి చెప్తావు. అన్నీ పక్కపక్కన పెట్టుకుంటే, మధ్యలో నువ్వు చెప్పకుండా చుట్టూ తిరుగుతున్నది ఏదో కనబడుతుంది." పిల్ల తల ఎత్తలేదు. "ఆఫీసు, ఆఫీసు, ఆఫీసు అని ఒక్కటే అబద్ధం చెప్పుంటే నమ్మేదాన్నమ్మా. నిజంగా."

మందాకిని చెయ్యి కంచంలో ఆగిపోయింది.

ఆ క్షణంలో తల్లి అయినదానికి కూతురే తట్టాలి. తట్టలేదు. ఆమెకి తట్టింది ఆరేళ్ల క్రితపు ఒక మధ్యాహ్నం, చీలిన బండ మీద కూర్చుని సోమిరెడ్డి పొగాకు నలుపుతూ చెప్పిన మాటల్లో తను నవ్వుకుని వదిలేసిన సగం. చెట్టుకి ఒక్కటే అబద్ధమండి, అన్నాడతను. మా తాత చెప్పిన తప్పుచోటే మా నాన్న చెప్పాడు, నేనూ అదే చెప్తాను, నా మనవలూ అదే చెప్తారు. రోజుకో చోటు చెబితే, విన్నవాళ్లంతా సంతలో కలుస్తారు, ఒకడికి ఇటన్నాడు, ఒకడికి అటన్నాడు అని పోల్చుకుంటారు. ఎవరికీ చెప్పని చోటు నడిమధ్య ఒక్కటే మిగులుద్ది. నేరుగా అక్కడికే ఎల్తారు.

"నాకు తెలుసులే," అంటోంది చిన్మయి. "అన్నం చల్లారిపోతోంది."

"ఎనిమిది నెలలైంది," అంది మందాకిని. "నాన్న ఇక ఇక్కడికి రారు. నువ్వే వెళ్లి చూడొచ్చు, ఎప్పుడనుకుంటే అప్పుడు."

చిన్మయి తలూపింది. మజ్జిగ పోసుకుంది. కాసేపటికి ఆమె కంచంలో కూడా పోసింది. ఇద్దరూ తినడం ముగించారు. ముందు కూతురు తట్టనందుకు ఆ తర్వాత చాలాకాలం మందాకిని తనని తాను క్షమించుకోలేదు. కానీ చెయ్యి కడుక్కుని పని గదిలోకే వెళ్లింది.

లోపలివాళ్ల తాళం తన దగ్గరున్నా వాడలేదు. ఊరూ పేరూ లేని మనిషిలా, బయటినుంచి అందరి పటంలోకి వెళ్లి, ముసురుపిట్టకి ఇన్నాళ్లూ పెట్టిన చుక్కలన్నీ దించుకుంది. రెండువందల పద్నాలుగు ఉదయాలు, రెండువందల పద్నాలుగు అబద్ధాలు. గీతల కాగితం మీద పెన్సిలుతో ఒక్కొక్కటే పెట్టింది. యంత్రం రెప్పపాటులో చేసే పని, అయినా చేత్తోనే చేయాలనిపించింది. చుక్కలు దీపం చుట్టూ ఉసిళ్లలా ముసిరాయి. దీపం ఎక్కడుందో చూడటానికి లెక్క కూడా అక్కర్లేదు. అయినా వేసింది. నిలువు దూరాలు కూడి రెండువందల పద్నాలుగుతో భాగించింది, అడ్డం దూరాలు కూడి భాగించింది. ఏడో తరగతి సగటు లెక్క. పెన్సిలు మొన చీలిన బండకి అరవై అడుగుల దూరంలో ఆగింది.

ఎవరూ వేలు పెట్టి చూపించలేదు. రోజుకో దిక్కున ఒక వేలు చూపిస్తూ, అన్ని వేళ్లూ కలిసి చూపించాయి.

రోజూ మార్చాలన్నది ఎవరు? పాత సమావేశాల రాతలు కూడా పటంలోనే ఉంటాయి, అవీ అందరివే. వెతికింది. జీవికి ఒకే తప్పుచోటు, అది శాశ్వతంగా ఉండాలని ఫణీంద్ర అన్నాడు. దాని కింద వరసలో ఉంది: 'ఒకే అబద్ధం ఎప్పటికైనా దొరికిపోతుంది. ప్రతి ఉదయం మార్చాలి. ప్రతిపాదన: మందాకిని.'

ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. ఎప్పటికైనా దొరికిపోతుంది. ఎవరి గొంతది? రఘురాంతో బతికిన పద్నాలుగేళ్ల గొంతా, లేక అంతకంటే ముందుదా? ఎవడో ఎప్పుడో వచ్చి లాక్కుపోతాడని చిన్నప్పుడు పెన్సిలు పెట్టెని రోజుకో చోట దాచిన పిల్లదా? దాచిన చోటు తనే మర్చిపోయి ఏడ్చేది ఆ పిల్ల.

అయినా ఈ లెక్క ఎవరికి తెలుసు? కాగితం చింపేస్తే తన ఒక్కదానికే తెలుసు. సోమిరెడ్డి అబద్ధం చెప్పిన మాట నిజం. తొమ్మిదిసార్లు దిగాడన్నదీ నిజం. పలక మీద సగం పేరు అలాగే ఉంది. ఆ సగం పేరు కూడా తన వంక చూస్తున్నట్టే ఉంది, మిగతాది కొడతావా లేదా అని. ఇంత తెలిశాక కూడా లోపల ఒక మూల, 'మరి ఎందుకు దిగినట్టు, ఎందుకు నవ్వినట్టు' అని నసుగుతూనే ఉంది. ఋజువు దొరికితే అనుమానం చచ్చిపోతుందనుకుంది. అది చావలేదు, ఇల్లు మారింది, అంతే.

మర్నాడు జీలుగుపాడు వెళ్లింది. సోమిరెడ్డి అరుగు మీద కూర్చుని వెదురు చీల్చి తట్ట అల్లుతున్నాడు. రాజమ్మ లోపలినుంచి మంచినీళ్లు తెచ్చి పెట్టి, కొమ్ములు చేదనిపించాయా అని అడిగింది. లేదంది మందాకిని. కాగితం విప్పి చుక్కలు చూపించింది. లెక్క గురించి చెప్పబోయింది, చెప్పనక్కర్లేకపోయింది. అతను కాగితాన్ని ఒక్కసారి చూసి నడిమధ్య గోరుతో నొక్కాడు.

"సెప్పానండి మీకు. ఆరేళ్లయ్యింది."

"చెప్పారు. రాసుకున్నాను కూడా."

"రాసుకుంటే సరిపోద్దేటండి," అన్నాడు. రాజమ్మ లోపల కిసుక్కుమంది.

మిగిలింది చెప్పడం కష్టమైంది. మూసిన అర తెరిచానని, మీ అడుగులు విన్నానని, తొమ్మిదిసార్లని చెప్పింది. సోమిరెడ్డి కత్తి ఆపాడు. చాలాసేపు తన కుడికాలి వంక చూసుకున్నాడు, ఆ కాలే వెళ్లి చెప్పినట్టు.

"నా అడుగులు లెక్కెట్టేరా," అన్నాడు చివరికి. కోపం లేదు. కోపమైతే బాగుండునని ఆమెకి అనిపించింది.

గూళ్లు చూసుకోవడానికి ఎప్పుడూ దిగేవాడినేనన్నాడు. గొంతు ఆగిందని ఆమె చెప్పినప్పుడల్లా మర్నాడు పోయి, జిగురు పుల్లలు ఏరి కాల్చి వచ్చాడు. తను పుల్లలు ముట్టుకున్నట్టు తెలిస్తే తనమీదకే వస్తుందని ఎవరితోనూ అనలేదు.

"నాతో చెప్పొచ్చుగా."

"మీతో సెప్తే పటంలో ఎక్కిచ్చేత్తారు కదండి." ఆమె మొహంలోకి, నాలుగు వారాల తర్వాత మొదటిసారి, నేరుగా చూశాడు. "మీతో సెప్పడమంటే లోకంతో సెప్పడమే. మీరు మంచోరే. కానీ మీ సేతిలో ఏదీ ఆగదు."

మందాకిని కాగితం మడతపెట్టింది. ఇంతకాలం తను ఒక్కతే అనుమానిస్తున్నానని అనుకుంది. అటువైపు నుంచి కూడా ఇద్దరు మనుషులు అంతే జాగ్రత్తగా తనని చూస్తున్నారు.

"ఆ రోజు నవ్వారు," అంది. "ఏడోది ఆగిపోయిందంటే నవ్వారు. ఎందుకు?"

అతను మళ్లీ అలాగే నవ్వాడు, పెదవి ఎడమవైపు లేచింది. ఈసారి దించుకోలేదు. ఆగిపోయిందని మీరంటుంటే నవ్వు రాదేటండి, అన్నాడు. ఆ పొద్దున్నే అది అతని గిడుగు మీద వాలినంత దగ్గర్లో కూసింది. గింజలు లేని చోటికి ఎళ్లిపోయాయండి. మనకంటే వాటికే తెలివెక్కువ.

"ఎన్ని?"

"ఉన్నాయండి."

"అంటే ఎన్ని? ఏడూనా? కొన్ని జిగురుకి దొరికే ఉంటాయిగా?"

"ఉన్నాయండి," అన్నాడు మళ్లీ, అదే గొంతుతో.

మందాకిని పలక తీసి ఒళ్లో పెట్టుకుంది. సగం పేరు ఒక్కొక్క అక్షరమే చెరిపింది. ఆ చోట తన పేరు కొట్టి, కింద 'రోజూ మార్చాలన్న ప్రతిపాదన నాది' అని చేర్చింది. మూసిన అర తెరిచిన కారణం పరికరాల తనిఖీ కాదని కూడా రాసింది. ఏం రాస్తున్నారని అతను అడిగాడు. చెప్పింది. ఉద్యోగం పోద్దేమో అన్నాడు. పోవచ్చంది.

రెండో ఖాళీ మిగిలింది. చుక్క లేకుండా వదిలేయడానికి లేదు. పటంలో ముసురుపిట్ట లేకపోతే గాదెకొండ ఉత్త రాయి, మళ్లీ ఎవరో నల్లరాయి కోసం వస్తారు.

"పిట్టలు ఎక్కడున్నాయి సోమిరెడ్డిగారూ?" అని అడిగింది.

 చీల్చిన వెదురు బద్దని కంటి ముందు పెట్టుకుని వంపు చూశాడు. తర్వాత కత్తిమొనతో తూర్పుకి చూపించాడు.

"కోతులగుట్టండి."

కోతులగుట్ట మందాకినికి తెలుసు. బోడిరాయి. చెమ్మ ఉండదు, నీడ ఉండదు, ముసురుపిట్ట కాదు కదా కాకి కూడా వాలి నిలవదు. క్వారీవాళ్ల కన్ను ఇప్పటికీ ఉన్నది మాత్రం ఆ గుట్ట మీదే. ఆమె అతని మొహం చూసింది. ఆ మొహంలో ఏమీ లేదు, తేనెచెట్టు గురించి అడిగిన బయటివాళ్లకి వాళ్ల తాత చూపించిన మొహమే అయి ఉంటుంది. ఇంకొక్క ప్రశ్న అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. అడిగితే అతను ఇంకో చోటు చెప్పడు, అది ఆమెకి తెలుసు.

లోపల రాజమ్మ పొయ్యి ఊదుతోంది. సన్నగా ముసురు మొదలైంది.

మందాకిని 'కోతులగుట్ట' అని కొట్టింది. కింద రెండు గళ్లున్నాయి. 'ప్రతి ఉదయం మార్చాలి' అన్నదాంట్లో ఉన్న టిక్కు తీసేసి, 'ఇక మార్చవద్దు' అన్నదాంట్లో పెట్టింది.